మనవాళ్ళింకా నది దాటలేదు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, తొంభైల చివర్లో, ఇరవై రెండేళ్ళు నిండిన కొత్తల్లో, భక్తి కూడా టైపు పరీక్షలాంటిదేనని, పట్టుదలగా కూర్చుంటే ఎవరైనా పాసైపోవచ్చని గట్టిగా నమ్మేదాన్ని. (టైపు లోయరు మొదటిసారి తప్పి రెండోసారి పాసయ్యాను కాబట్టి ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంది.) మా ఊరు తణుకు పక్కన. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుని, కడియంలో ఒక మొక్కల నర్సరీలో ఆఫీసు పని దొరికితే వచ్చాను. ఆఫీసంటే ఒక తాటాకుల పాక, ఒక బల్ల, ఒక టైపు మిషను. ఏ లారీలో ఏ మొక్కలు ఎక్కాయో జాబితా కొట్టడం, మొక్కల పేర్లు అట్టముక్కల మీద రాసి కట్టించడం నా పని. ఒకసారి ఒడిషా వెళ్ళే లారీలో గులాబీలన్నిటికీ మందారం అట్టలు కట్టించాను గానీ, అది ఇక్కడ అప్రస్తుతం.

నర్సరీ యజమానిగారి ఇంట్లోనే పెరటివైపు ఒక గది నాకు అద్దెకిచ్చారు. ఆయన, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, ఆయన తల్లి ఉండేవారు ఆ ఇంట్లో. తల్లిగారిని వీధంతా మామ్మగారని పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ళు హిందువులు, మేము క్రైస్తవులం. నేను గదిలో దిగిన రోజు మామ్మగారు వచ్చి, నా ట్రంకుపెట్టె మీద పెట్టిన బైబిలు వంకా నా వంకా చూసి, రెండే ప్రశ్నలు వేశారు.

"శనివారం నీచు వండుతావా?"

"వండనండి."

"పొద్దున్నే లేస్తావా?"

"లేస్తానండి," అన్నాను. ఇందులో మొదటి జవాబు మాత్రం నిజం.

ఆ జనవరిలో మొదటి ఆదివారం, మా సంఘం పాస్టరుగారు (మేమంతా అయ్యగారు అనేవాళ్ళం) యవ్వనస్తులందరికీ తలా ఒక అట్టకార్డు పంచారు. కార్డు నిండా రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడి పక్కన ఆ రోజు చదవాల్సిన మూడు నాలుగు అధ్యాయాలు అచ్చువేసి ఉంటాయి. చదివి, గడి నింపాలి. అలా నింపుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి బైబిలు మొత్తం పూర్తవుతుంది. "ఒక్కరోజు మానితే ఏముందిలే అనుకోకండి. దేవుడితో కూర్చోవడం అలవాటు కావాలి," అన్నారు అయ్యగారు. పూర్తి చేసినవాళ్ళకి క్రిస్మస్ ముందు ఆదివారం జిప్పు ఉన్న తోలు అట్ట బైబిలు బహుమతి అని కూడా అన్నారు. మొదటి మాట నా చెవిన పడలేదని అనను గానీ, రెండోది కొంచెం గట్టిగా వినిపించింది.

పొద్దున ఐదింటికి లేవాలని నిశ్చయించుకుని అలారం గడియారం కొన్నాను. దాని మోత సరిపోదేమోనని స్టీలు పళ్ళెంలో పెట్టి మరీ మోగించాను. యజమానిగారు లేచారు, ఆయన భార్య లేచింది, ముగ్గురు పిల్లలూ లేచారు. రెండోవాడు వచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి దాన్ని ఆపేసి వెళ్ళాడు. నేను ఏడింటికి లేచాను. మర్నాడు తెలివొచ్చి, గడియారాన్ని పెరట్లో కుళాయి పక్కన పెట్టాను, ఆపడానికైనా లేచి నడవాలి కదా అని. లేచాను, నడిచాను, ఆపాను, వచ్చి మోకాళ్ళ మీద ప్రార్థన మొదలుపెట్టాను, ఆ మోకాళ్ళ మీదే నిద్రపోయాను. నుదుటి మీద చాప అచ్చుతో ఆఫీసుకి వెళితే యజమానిగారు చూసి, "ఏంటమ్మా, దద్దుర్లు లేచాయా? కాస్త వేపాకు నూరి రాయకపోయావా," అన్నారు.

అయినా సరే మొదట్లో బాగానే చదివాను. మొదటి కాండం అంతా కథలే, రెండో కాండం సగం దాకా కథలే. మూడో కాండంలో అడుగుపెట్టాక నాకు కష్టకాలం వచ్చింది. ఏ బలికి ఏ జంతువు, దాని కొవ్వు ఏం చేయాలి, ఎవరు ఎప్పటిదాకా మైల, బట్టలు ఎప్పుడు ఉతుక్కోవాలి, ఇవే. ఫిబ్రవరి మధ్యలో ఒక పొద్దున ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ నిద్రపోయి, చివరికి ఎర్ర పెన్ను తీసి గడి నింపేశాను. చదవకుండా నింపిన మొదటి గడి అది. ఆ రోజంతా మనసు పీకింది. రెండోరోజు కొంచెం తక్కువ పీకింది. పదోరోజుకి గడి నింపడం మాత్రం ఎంతో క్రమశిక్షణతో చేసేదాన్ని, పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు. అయ్యగారు కోరిన అలవాటు నాకు ఆ రకంగా పట్టుబడింది.

ఆదివారం కూడికలో కార్డులు చూపించాల్సి వచ్చేది. ఒకళ్ళు మార్చిలో ఆగిపోయారు, ఒకళ్ళు కార్డు పోగొట్టుకున్నారు, ఒకళ్ళ కార్డుని మేక తినేసిందట. నాది మాత్రం ఎర్రగా నిగనిగలాడేది. "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి," అనేవారు అయ్యగారు. నేను తల దించుకునేదాన్ని. అది వినయం అనుకునేవారు.

జూలైలో వానలు పట్టుకున్నాక నా గది కురవడం మొదలుపెట్టింది. ఒకరోజు తెల్లవారుజామున మంచం మీద నీళ్ళు పడితే, చేతికందిన బైబిలూ దుప్పటీ పట్టుకుని ఇంటి ముందు వసారాలోకి పరిగెత్తాను. అక్కడ మామ్మగారు పీట మీద కూర్చుని, ఒళ్ళో తన పారాయణం పుస్తకం పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఉన్నారు. నలభై ఏళ్ళుగా ఆవిడ రోజూ అదే వేళకి, అదే చోట, అదే పుస్తకం చదువుతారని ఇంట్లోవాళ్ళు చెప్పగా విన్నాను. దగ్గరికెళ్ళి చూస్తే దీపం వెలుగు పుస్తకం మీద పడటమే లేదు. ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు. కాగితం మీద ఒక్క అక్షరమూ కనపడదు. అయినా ఒక పేజీ అయ్యాక వేలు తడి చేసుకుని, సరిగ్గా తిప్పాల్సిన చోటే కాగితం తిప్పుతున్నారు.

"కనపడదు కదండీ, మరి పుస్తకం ఎందుకండి?" అని అడిగాను. ఆ వయసులో నాకు నోరు కాస్త దురుసు.

"కూర్చోవడానికే. అది ఒళ్ళో లేకపోతే ఇక్కడ కూర్చోబుద్ధి కాదు," అన్నారు. తర్వాత నా చేతుల వైపు తల తిప్పి, "నీదేం పుస్తకం?" అన్నారు.

"బైబిలండి."

"అయితే చదువుకో."

నేనూ గోడకి జారబడి కూర్చుని, కార్డులో ఆ రోజుకి రాసి ఉన్న చోటు తీసి, ఎదురుగా పెద్దావిడ ఉన్నారని మొహమాటానికి రెండు వాక్యాలు చదివి, తూగడం మొదలుపెట్టాను.

"అమ్మాయ్. గురక పెడుతున్నావు," అన్నారు మామ్మగారు. "లోపల్లోపల చదివితే నిద్రొస్తుంది. పైకి చదువు, నేనూ వింటా."

చదివాను. అది ఎక్కడో ప్రవక్తల పుస్తకాల మధ్యలోది. ఆవిడ రెండు నిమిషాలు విని, "ఎవరి మీదో కోపంగా ఉన్నాడు పాపం. ఎందుకు కోపం వచ్చింది?" అన్నారు. నాకు తెలియదు. తెలియదని చెప్పక తప్పలేదు. "సినిమాకి ఇంటర్వెల్‌లో వెళ్ళినట్టుంది నీ వ్యవహారం. మొదటి పేజీ నుంచి చదువు," అన్నారు.

అలా ఆ వానాకాలం పొద్దున నేను మళ్ళీ మొదటి పేజీ తీశాను. అప్పటికి నా కార్డులో సగం పైగా ఎర్రబడి ఉంది.

రోజుకో అధ్యాయం మా లెక్క. ఐదింటికి కిటికీ రెక్క మీద మామ్మగారి చేతికర్ర రెండుసార్లు తగిలేది. ఆ చప్పుడుకి లేవకుండా ఉండటం నా వల్ల కాలేదు, ఎందుకంటే లేచేదాకా ఆ రెండు దెబ్బలూ మళ్ళీ మళ్ళీ పడేవి. ఆవిడకి పేర్లు గుర్తుండేవి కావు. అందుకని అందరికీ తనే పేర్లు పెట్టుకున్నారు. పడవ కట్టినాయన. ఊరొదిలి బయల్దేరిన పెద్దాయన. రంగు చొక్కా కుర్రాడు. మాట తడబడే ఆయన, అంటే జనాన్ని దాస్యంలోంచి నడిపించుకొచ్చినాయన. ఆ పెద్దాయన పరాయి ఊళ్ళో ప్రాణభయంతో భార్యని చెల్లెలని చెప్పాడని చదివితే, మామ్మగారు చాలాసేపు తల ఊపి, "ప్రాణం తీపి," అని క్షమించేశారు. కొన్నాళ్ళకి ఆయన ఇంకో ఊళ్ళో మళ్ళీ అదే పని చేశాడని చదివేసరికి మాత్రం, "ఆవిడ ఊరుకుందా? నేనైతే మా పుట్టింటికి పోయేదాన్ని," అన్నారు. రంగు చొక్కా కుర్రాడిని అన్నలు గోతిలో పడేసిన రోజున అధ్యాయం అక్కడితో ఆపితే, ఆఫీసు పాకకి మనిషిని పంపించారు, తర్వాతేమైందో మాటలో చెప్పి పంపమని. నాకు గుర్తున్నదే చెప్పి పంపాను. మర్నాడు చదివినప్పుడు అది తప్పని తేలింది. ఆ తర్వాత నేను ముందురోజు సాయంత్రమే మర్నాటి అధ్యాయం చూసిపెట్టుకోవడం మొదలుపెట్టాను.

వంశావళులు వచ్చినప్పుడు దాటేద్దామని చూశాను. "రెండు కాగితాలు ఒక్కసారి తిప్పావు," అన్నారు చప్పుడు విని. కోనసీమ అంతటా ఎవరి కూతురు ఎవరి కోడలో చెప్పగల మనిషికి ఫలానావాడి కొడుకు ఫలానావాడు అన్న వరస విసుగు ఎలా అవుతుంది? ఒక్కో పేరుకీ, "వాడికి ఆడపిల్లలు లేరా? రాయలేదా?" అని అడిగేవారు.

నేను భయపడింది మూడో కాండం గురించి. అక్కడికొచ్చాక మామ్మగారికీ విసుగొచ్చి మానేస్తారనీ, నాకు సెలవు దొరుకుతుందనీ లోపల కొంచెం ఆశ కూడా ఉండేది. తీరా చూస్తే ఆవిడ పీట ఇంకొంచెం ముందుకి జరుపుకున్నారు. మైల సాయంత్రం దాకా అని చదివితే, "అంతే కదా మరి," అన్నారు. ఏ గిన్నె తోముకోవచ్చు, ఏది పగలగొట్టాలి అని చదివితే, "మట్టిది పగలగొట్టాలి, ఇత్తడిది తోముకోవాలి, అవునా?" అని నాకంటే ముందు చెప్పేశారు. అక్షరాలా అదే ఉంది. నన్ను ఫిబ్రవరిలో నిద్రపుచ్చిన పేజీలన్నీ ఆవిడకి సొంత వంటింట్లా తెలుసు. ఇంటి గోడకి తెగులు పడితే యాజకుడు వచ్చి పరీక్షించాలని చదివినప్పుడు, యాజకుడంటే పూజారి లాంటివాడని చెబితే, తడిసి పచ్చబడ్డ నా గది గోడ వైపు తల తిప్పి, "మన వైపైతే వానాకాలం ఆయన తన ఇంటికెళ్ళి భోజనం చేసే తీరిక ఉండదు," అన్నారు. నేను నవ్వి నవ్వి ఆ అధ్యాయం పూర్తిచేయలేకపోయాను. ఆ కాండంలో నవ్వొస్తుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

నవంబర్లో నాకు జ్వరమొచ్చింది. ఐదింటికి కర్ర చప్పుడైతే, లేవలేనండి అన్నాను. మామ్మగారు పీట తెచ్చి నా మంచం పక్కన వేసుకుని కూర్చుని, "నువ్వు పడుకో. నిన్నటిది నేను చెబుతా," అని ముందురోజు అధ్యాయం మొత్తం చెప్పారు. ఎడారిలో రోజూ ఒకటే తిండి తినలేక జనం చేపలూ దోసకాయలూ ఉల్లిపాయలూ తలుచుకుని ఏడ్చిన సంగతి. నేను చదివినప్పుడు వాళ్ళ మీద చిరాకేసింది. ఆవిడ చెబుతుంటే జాలేసింది. (మామ్మగారు శనివారం తప్ప చేప లేనిదే ముద్ద దిగని మనిషి.) ఆ జ్వరంలో కళ్ళు మూసుకుని వింటూ, నాకు తెలియకుండానే నేను ఈ పుస్తకాన్ని ఇష్టపడటం మొదలుపెట్టానని గ్రహించాను.

చిక్కల్లా కార్డుతోనే. మామ్మగారితో చదివినదానికి అందులో గళ్ళు లేవు, గళ్ళు ఉన్నవి నేను చదవలేదు. ఇప్పుడు ఆపేస్తే అడుగుతారని భయం. అందుకని పొద్దున వసారాలో నిజంగా చదివి, గదిలోకొచ్చి అబద్ధంగా ఇంకో గడి నింపేదాన్ని. డిసెంబర్ వచ్చేసరికి సంఘం మొత్తానికి కార్డు నింపింది నేనొక్కదాన్నే. అయ్యగారు క్రిస్మస్ ముందు ఆదివారం నేను అందరి ముందూ నిలబడి సాక్ష్యం, అంటే దేవుడితో నా అనుభవం, చెబుతానని ప్రకటించేశారు. అంగన్‌వాడీ టీచరైన మా అమ్మ, ఆ కబురు తెలిసి, పిల్లలకి సెలవిచ్చినంత పని చేసి, ముందురోజే బస్సెక్కి వచ్చేసింది. దారిలో మా పిన్నికి చెప్పింది, బస్సులో పక్కన కూర్చున్నావిడకి కూడా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం అయ్యగారు కూడా ఇంటికొచ్చారు, అమ్మని పలకరించి ప్రార్థన చేసి వెళదామని. వసారాలో కుర్చీలు వేశారు. మామ్మగారు తన పీట మీద కూర్చుని, మజ్జిగ తెప్పించారు. అయ్యగారు నా కార్డు మామ్మగారి చేతికిచ్చి, కనపడదని గుర్తొచ్చి, నోటితోనే చెప్పారు. "మీ ఇంట్లో ఉండి ఈ అమ్మాయి బైబిలంతా చదివేసిందండి. ఇంక వారం రోజుల్లో చివరి పేజీ."

మామ్మగారు కార్డుని వేళ్ళతో తడిమారు. "కాదండి," అన్నారు నెమ్మదిగా. "మనవాళ్ళింకా నది దాటలేదండి."

అయ్యగారికి అర్థం కాలేదు. "ఏ నదండీ?"

"అదేనండి, ఎడారి అయ్యాక వచ్చే నది. మాట తడబడే ఆయన్ని దాటనివ్వరట. కొండెక్కి, దేవుడిస్తానన్న అవతలి నేల చూడ్డమేనట. అంతమందిని అంతదూరం తీసుకొచ్చినాయన. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పదకొండు రోజుల నడకట, నలభై ఏళ్ళు తిరిగారు. ఇక్కడినుంచి పట్టిసీమ వెళ్ళడానికి నలభై ఏళ్ళు తిరిగినట్టు. రోజూ ఐదింటికి చదువుతుందండి ఈ పిల్ల, జ్వరమొచ్చినప్పుడు తప్ప ఒక్కరోజు మానలేదు. మొదటినుంచి మొదలుపెట్టి ఇంతవరకే వచ్చాం. మీ కార్డులో ఎక్కడున్నారు వాళ్ళు?"

అమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. నేను వసారా గచ్చు మీద చీమలు ఎటు వెళుతున్నాయో చూస్తూ కూర్చున్నాను. అయ్యగారు మాత్రం ఏమీ జరగనట్టు, "మొదటినుంచి చెప్పండి మామ్మగారూ, వింటాను," అన్నారు. ఆవిడ చెప్పారు. ఆయన అరగంట విన్నారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి నాతో, "రేపు నిన్ను పిలుస్తానమ్మా. ఏం చెబుతావో నువ్వే చూసుకో," అని సైకిలెక్కి వెళ్ళిపోయారు. కోప్పడి ఉంటే బాగుండేది.

గదిలో అమ్మ అడిగింది. "ఎన్ని గళ్ళు నిజం?"

"నలభై మూడు."

"నేను మీ పిన్నికి కూడా చెప్పానే," అంది. అన్నం తిన్నాక చీర మడత పెడుతూ, "నేను రేపు ముందు వరసలో కూర్చోను. వెనక కూర్చుంటా. కానీ వస్తా," అంది.

మర్నాడు అయ్యగారు పిలిచారు. ముందున్న ప్రసంగ బల్ల దగ్గరికి వెళ్ళాను. నలభై మూడు గళ్ళు నిజమనీ, మిగతావన్నీ పెన్నుతో నింపినవేననీ, ఎక్కడ నిద్రపోయానో, ఎవరు నిద్ర లేపారో అన్నీ చెప్పాను. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను గానీ రాలేదు. మాట తడబడే ఆయన అసలు పేరు ఎంతకీ నోటికి రాక, మామ్మగారు పెట్టిన పేరే చెప్పాల్సి వచ్చింది. ఎవరో నవ్వారు. అప్పుడు నాకూ కొంచెం ఊపిరాడింది. నాకు బహుమతి వద్దని చెప్పి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం పట్టుకుంది.

ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, తామెక్కడ ఆగిపోయారో చెప్పడం మొదలుపెట్టారు. ఒక సంఘపెద్ద పదిహేనేళ్ళుగా ప్రతి జనవరిలో మొదలుపెడతారట. దాదాపు అందరూ మూడో కాండంలోనే బస చేసి ఉన్నారు. ఆ తర్వాత అయ్యగారు కార్డులు పంచడం మానేసి, ఇంట్లో ఒకరికి వినిపించేలా చదవమని చెప్పారు. దాంతో కొత్త సంవత్సరంలో మా సంఘంలో కొందరు మగవాళ్ళు పొద్దున్నే పాలకి వెళ్ళి చాలాసేపటికి గానీ తిరిగొచ్చేవారు కాదని వాళ్ళ భార్యలు చెప్పుకునేవారు.

సంక్రాంతి వెళ్ళాక మేము నది దాటాం. నీళ్ళు రాశిగా నిలబడ్డాయని చదివితే మామ్మగారు, "పడవ కూడా అక్కర్లేదన్నమాట," అని తృప్తిగా తల ఊపారు. వేసవిలో ఆవిడకి రాజమండ్రిలో కంటి ఆపరేషను చేయించారు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని తన పుస్తకం తను చదువుకుంటున్నారని తెలిసి, ఇంక నాతో పనేముందిలే అని ఆ పొద్దున నేను గదిలోనే ఉండిపోయాను. మనసు చిన్నబోయింది కూడా. కిటికీ మీద కర్ర మూడుసార్లు తగిలింది.

"ఏంటే అమ్మాయ్, కళ్ళొచ్చాయని చెవులు పోయాయనుకున్నావా?" అన్నారు మామ్మగారు.

ఆ వేసవి దాటాక నాకు పెళ్ళయి రాజమండ్రి వచ్చేశాను. అప్పటికి మేము రాజుల కథల మధ్యలో ఉన్నాం. మిగతాది వచ్చినప్పుడల్లా చెబుతానన్నాను, కొన్నేళ్ళు చెప్పాను కూడా. మొత్తం చెప్పకముందే ఆవిడ వెళ్ళిపోయారు.

అత్తారింట్లో మొదటి పొద్దున ఐదింటికే మెలకువ వచ్చి, హాల్లో ఒక మూల కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టాను. కాసేపటికి చూస్తే మామగారు, అత్తగారు, ఆడపడుచు, మావారు అందరూ లేచి తలుపుల దగ్గర నిలబడి ఉన్నారు. "ఎవరికి చదువుతున్నావమ్మా?" అని అడిగారు అత్తగారు. ఎవరికీ కాదండి అన్నాను. పైకి చదువుతున్నానని నాకే తెలియదు. ఆ తర్వాత లోపల్లోపల చదువుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో లెక్కలేదు, రెండు వాక్యాలకి తూగు వస్తుంది. ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డాను. మావారు వంటగదిలో కాఫీ కలుపుకుంటూ, వింటున్నట్టు కనపడకుండా వింటారు. వంశావళి దగ్గర నేను గొంతు కాస్త తగ్గించి నాలుగు పేర్లు దాటేస్తే, "ఇవాళ తొందరగా అయిపోయిందే," అంటారు. నేను వెనక్కి వెళ్ళి ఆ నాలుగు పేర్లూ చదువుతాను.